రిటైర్మెంట్ ఇంట్లో హాబీ గది ఎక్కడ పెట్టాలి: విజయవాడ ఎండకూ మన మోకాళ్లకూ సరిపడే మార్గదర్శి

విజయవాడలో రిటైర్మెంట్ కోసం కట్టుకునే ఇళ్ల ప్లాన్లు చూస్తే హాబీ గది ఎక్కువగా రెండు చోట్లే కనిపిస్తుంది. ఒకటి డాబా మీద, మెట్ల గదిని ఆనుకుని. రెండోది అన్ని గదులూ సర్దాక మిగిలిపోయిన పడమటి మూల. ఈ రెండూ సరైన చోట్లు కావని నా గట్టి అభిప్రాయం. పడకగది నుంచి హాల్లోకి, హాల్లోంచి వంటింటికి, అక్కణ్ణుంచి వరండాకి రోజూ మనం తిరిగే దారి ఒకటుంటుంది. ఆ దారి పక్కన ఉన్న గదిలోనే వీణ మోగుతుంది, కుట్టుమిషను తిరుగుతుంది, పుస్తకం తెరుచుకుంటుంది. పనిగట్టుకుని మెట్లెక్కి వెళ్లాల్సిన గదిలో కొన్నాళ్లకి పాత సూట్‌కేసులు, బొమ్మల కొలువు పెట్టెలు చేరతాయి.

మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి ఇప్పుడు 62 ఏళ్లకు రిటైర్మెంట్. ఆ వయసులో కట్టుకున్న ఇంట్లో ఇంకో ఇరవై ఏళ్లు ఉండాలనే ఎవరైనా అనుకుంటారు. కాబట్టి గదిని 62 ఏళ్ల ఓపికను చూసి కాకుండా 80 దాటాక ఉండే ఓపికను చూసి ఎంచుకోవాలి. కొత్తగా కట్టేవాళ్లయినా, ఉన్న ఇంటిని మార్చుకునేవాళ్లయినా కింది వరసలో వెళితే పొరపాటు తక్కువ. ఫ్లాట్లలో ఉండేవాళ్ల కోసం ఒక భాగం విడిగా రాశాను.

1. ముందు పని రాసుకోండి, గది తర్వాత

ఒక వారం పాటు నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. రిటైరయ్యాక చేద్దామనుకునేవి పక్కన పెట్టి, ఇప్పుడు నిజంగా చేస్తున్నవి, వదల్లేనివి రాయండి. ఒక్కో పని పక్కన కొన్ని వివరాలు చాలు. రోజులో ఏ వేళ చేస్తారు, కుర్చీలోనా, నేల మీదా, నిలబడా, నీళ్లు కావాలా, దుమ్మూ వాసనా చప్పుడూ వస్తాయా, ఒక్కరేనా లేక నలుగురు వస్తారా.

ఇలా రాసుకుంటే పనులు వాటంతటవే విడిపోతాయి. చదువు, రాత, పెయింటింగ్ లాంటి వాటికి వెలుతురు, ప్రశాంతత కావాలి. సంగీతానికి తలుపు వేసుకునే వీలుండాలి. కుట్టుపనికి పెద్ద బల్ల, కరెంటు కావాలి. చెక్కపనికి, బొమ్మలు చెక్కి రంగులేసే పనికి గాలి బాగా ఆడాలి. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి చెక్క తేలికే గానీ, దాన్ని రుద్దినప్పుడు లేచే పొట్టు, వార్నిష్ వాసన పడకగది పక్కన ఉంటే ఆస్తమా ఉన్నవాళ్లు ఆ గదిలో నిద్రపోలేరు. మొక్కల పెంపకానికైతే గది కంటే ఒక కుళాయి, నీళ్లు జారిపోయే నేల ముఖ్యం.

ఇక్కడ ఒక మాట ఒత్తి చెప్పాలి. చాలా ఇళ్లలో హాబీ గది అంటే అయ్యగారి గదే. ఆయన రిటైరవుతారు. ఆవిడకి మాత్రం వంటింట్లో రిటైర్మెంట్ ఉండదు. పొయ్యి మీద పప్పు పెట్టి, కుక్కరు కూతల మధ్య దొరికే అరగంటల్లోనే ఆవిడ ఎంబ్రాయిడరీ అయినా, చదువైనా సాగాలి. అందుకని ఈ నోట్‌బుక్‌లో ఇద్దరూ రాయాలి. ఆవిడ రాసుకున్న పని ఉంటే గది వంటింటికి దగ్గరగా రావాలి. ఇద్దరి పనులూ ఒక గదిలో ఇమడకపోతే గదిని ఆవిడకిచ్చి ఆయన వరండాలో బల్ల వేసుకోవడమే న్యాయం. ఆయనకి దొరికే సమయం పొడుగు, ఆయన పని ఎక్కడున్నా సాగుతుంది.

2. వద్దనుకోవాల్సిన చోట్లు కొట్టేయండి

డాబా మీద గదితో మొదలుపెట్టండి. మెట్లు ఒక ఇబ్బందైతే, ఎండ దాన్ని మించిన ఇబ్బంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. ఆ రోజుల్లో పైస్లాబు పొద్దంతా తాగిన వేడిని చీకటి పడ్డాక గంటల తరబడి కిందికి వదులుతూనే ఉంటుంది. అంటే మధ్యాహ్నం ఎండా, రాత్రి ఉడుకూ రెండూ ఆ గదికే. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేస్తే కొంత తగ్గుతుంది గానీ, ఏసీ లేకుండా మే నెలలో అక్కడ కూర్చోలేరు.

తర్వాత, పడమర వైపు బయటిగోడ, కిటికీ ఉన్న గది. దీని సంగతి మూడో భాగంలో వివరంగా చెబుతాను.

స్టిల్ట్ పార్కింగ్‌లో, అంటే స్తంభాల మీద ఇల్లు లేపి కింద బళ్లకి వదిలిన చోటులో, ఒక మూల గోడలు కట్టి గది చేద్దామనే ఆలోచన మానేయండి. అనుమతుల చిక్కు ఎలాగూ ఉంటుంది, దోమలూ తేమా సరేసరి. మెట్ల కింద చోటు సామానుకి తప్ప మనిషికి పనికిరాదు.

నేలంతస్తు విషయంలో ఊళ్లో ఏ వైపు ఉన్నారన్నది చూడాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు కింది అంతస్తుల్లోని సామానంతా రోజుల తరబడి నీళ్లలో నానింది. మోకాళ్లేమో కింద ఉండమంటాయి, వరదేమో పైన ఉండమంటుంది. ఆ వైపు కొత్తగా కట్టేవాళ్లకి నా సలహా స్టిల్ట్ మీద మొదటి అంతస్తు, దానికి లిఫ్టు. లిఫ్టుకి ఇప్పుడు డబ్బు లేకపోతే ఆ గొయ్యి, ఆ చోటు ప్లానులో వదిలేసి ఉంచండి. ఇప్పటికే కింద కట్టేసి ఉంటే గది కిందే ఉండనిచ్చి, పుస్తకాలూ వాయిద్యాలూ ఫొటో ఆల్బమ్‌లూ పైన పెట్టుకునే అటక గట్టిగా కట్టించుకోండి. పటమట, మొగల్రాజపురం లాంటి చోట్ల కూడా ఇంటి ముందు వాన నీరు ఎంత ఎత్తుకి వస్తుందో పక్కింటి పాతకాపుల్ని అడగండి. వాళ్ల మాట ప్లాను కంటే నమ్మకమైనది.

3. ఎండనూ గాలినీ ఇంట్లోనే కొలవండి

విజయవాడ దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. దీనివల్ల మన ఇళ్లకు కొన్ని విషయాలు ఖాయంగా వర్తిస్తాయి.

మార్చి నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. కాబట్టి దక్షిణం కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ వేస్తే ఆ వేళ ఎండ లోపలికి రాదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి, మిట్టమధ్యాహ్నం కూడా సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు అదే కిటికీలోంచి కాస్త ఎండ నేల మీద పడుతుంది, కీళ్లకి హాయిగా ఉంటుంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. ఆ రోజుల్లో పొద్దున్నా సాయంత్రం ఉత్తరం గోడకి ఏటవాలు ఎండ తగులుతుంది. మిగతా ఏడాదిలో చాలాభాగం ఉత్తరం వెలుతురు నిలకడగా, నీడలు మారకుండా ఉంటుంది.

పడమరకి ఇలాంటి వెసులుబాటు లేదు. సాయంత్రం సూర్యుడు కిందికి దిగి నేరుగా కిటికీలోకి చూస్తాడు. సన్‌షేడ్ ఎంత పొడుగు వేసినా ఆ ఎండని ఆపలేదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఆ వేడిని తాగి రాత్రి భోజనాల వేళకి లోపలికి వదులుతుంది. వేసవిలో వడగాలి కూడా ఆ వైపు నుంచే. చల్లటి పైరగాలి వచ్చేది దక్షిణం, ఆగ్నేయం నుంచి.

ఇదంతా పుస్తకంలోని లెక్క. మన వీధుల్లో దీన్ని తారుమారు చేసేది పక్కిల్లు. రెండు వందల గజాల స్థలంలో మూడు నాలుగు అడుగుల సందు వదిలి కడతాం, పక్కాయనా అంతే వదిలి మూడంతస్తులు లేపుతాడు. అప్పుడు తూర్పు కిటికీలోంచి కనిపించేది సూర్యుడు కాదు, పక్కింటి బాత్రూమ్ వెంటిలేటరు. అందుకే ప్లాను కాగితం మీది బాణం గుర్తు చూసి గది ఖాయం చేయకండి. ఇల్లు ఉన్నదైతే సుద్దముక్కతో నేల మీద ఎండ పడిన అంచు గీయండి, పొద్దున తొమ్మిదికీ, మధ్యాహ్నానికీ, సాయంత్రం నాలుగింటికీ. ఆ మూడు వేళల్లోనూ లైటు వేయకుండా పేపరు చదివి చూడండి. ఖాళీ స్థలమైతే అనుకున్న గది చోటులో కుర్చీ వేసుకుని కూర్చోండి. పక్క స్థలం ఖాళీగా ఉంటే రేపు అక్కడ గోడ లేస్తుందనే లెక్క వేసుకోండి. వెలుతురు ఖాయంగా ఉండేది రోడ్డు వైపే.

వయసు పెరిగేకొద్దీ కంటిపాప ఇరుకవుతుంది, కంటి కటకం పసుపు రంగుకి తిరుగుతుంది. అందుకే కుర్రాళ్లకి చాలిన వెలుతురు అరవై దాటినవాళ్లకి చాలదు. ఇప్పుడు బాగానే కనిపిస్తోందనిపించినా సూది గుచ్చే పని, సన్నక్షరాల చదువు ఉన్నవాళ్లు ఇంట్లోకెల్లా వెలుతురున్న గదినే కోరుకోవాలి.

4. మీ పనికి ఏ మూల నప్పుతుంది

సంగీతంతో మొదలుపెడతాను. 1948లో ఆకాశవాణి కేంద్రం వచ్చిన ఊరు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు మనది. ఉద్యోగాల్లో పడి వదిలేసిన వీణని రిటైరయ్యాక మళ్లీ పట్టుకునేవాళ్లు ఇక్కడ ఉంటారు. పక్కనే నూజివీడులో పనస చెక్కతో వీణలు చేస్తారు. తీగల కింద వరసగా ఉండే వీణ మెట్లని మైనంలో కూర్చుతారు కదా, పడమటి గోడ పక్కన, వేడెక్కే గదిలో వీణ పెడితే ఆ మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, శ్రుతి చెడుతుంది. మృదంగం చర్మానికేమో వానాకాలపు తేమ పడదు. కాబట్టి వాయిద్యాలకి ఇంటి నడిమి గది, అంటే బయటిగోడలు తక్కువున్న గది మంచిది. ఆ గది హాలుకి, పక్కింటి పడకగదికి ఎదురుగా తెరుచుకోకూడదు. తెల్లవారుజామున సాధన చేసే అలవాటుంటే ఇంట్లో నిద్రపోయేవాళ్లకీ ఆ గదికీ మధ్య ఒక బీరువా గోడో, బాత్రూమో అడ్డం ఉండేలా చూడండి. బట్టల బీరువాలు వరసగా ఉన్న గోడ చప్పుడుని బాగానే తగ్గిస్తుంది.

పుస్తకాలకి శత్రువులు చెదలు, తేమ. బాత్రూముని ఆనుకున్న గోడకి పుస్తకాల అల్మారా పెట్టకండి. ఎప్పుడో ఒకప్పుడు పైపు చెమర్చుతుంది, అడుగు వరస పాడయ్యాకే మనకి తెలుస్తుంది. కింది అంతస్తులో అల్మారాని నేల నుంచి అరడుగు ఎత్తున, గోడ నుంచి రెండంగుళాలు ఎడంగా నిలబెట్టండి. కొత్త ఇల్లయితే పునాది దశలోనే చెదల మందు కొట్టించాలి. పై అంతస్తులో పెద్ద లైబ్రరీ పెట్టుకునేవాళ్లు ఇంజినీరుకి ముందే చెప్పాలి. ఇళ్ల స్లాబుల్ని మామూలుగా చదరపు మీటరుకి 200 కిలోల బరువు లెక్కన డిజైన్ చేస్తారు. గోడ పొడుగునా ఆరడుగుల ఎత్తున పుస్తకాలు పేరిస్తే ఆ అల్మారా నిలబడిన చోట బరువు దాన్ని సులువుగా దాటుతుంది. అందుకని అల్మారాలు గది మధ్యలో కాకుండా, కింద బీము ఉన్న గోడ వెంబడి రావాలి. ఎక్కువగా జనవరి ప్రాంతంలో మన ఊళ్లో పుస్తక మహోత్సవం జరుగుతుంది, సంచులు నిండుతూనే ఉంటాయి. ఇప్పుడున్న పుస్తకాలకి ఒకటిన్నర రెట్లు చోటు వేసుకోండి.

కుట్టుమిషనుకి వంటింటి పక్క గది, లేదా భోజనాల బల్ల దగ్గరున్న మూల. కుడిచేతి వాటం వాళ్లకి వెలుతురు ఎడమ పక్క నుంచి రావాలి, అప్పుడు చేతి నీడ సూది మీద పడదు. కింది పోర్షన్‌లో అద్దెకి ఎవరైనా ఉంటే మిషను కింద మందపాటి రబ్బరు షీటు వేయండి. బట్ట కత్తిరించే బల్ల నడుము ఎత్తుకి ఉండాలి, వంగి కత్తిరిస్తే నడుం పట్టేస్తుంది.

పెయింటింగ్‌కి ఉత్తరం కిటికీ. చెక్కపని, వార్నిష్ పని అయితే గదిలో వద్దు. వెనక వైపు వరండాకి మెష్, పైన రేకు వేసుకుంటే చాలు. మొక్కల వాళ్లు మిద్దె తోట మీద మోజు ఉన్నా, కొన్ని కుండీలు తూర్పు వరండాలో నడుము ఎత్తు అరుగు మీద పెట్టుకోవాలి. మెట్లెక్కలేని రోజు వచ్చినా మట్టి చేతికి అందుతుంది.

5. దూరాలు అడుగులేసి లెక్కపెట్టండి

మీరు కూర్చోబోయే కుర్చీ నుంచి టాయిలెట్‌కి, మంచినీళ్లకి, గేటు గంట వినిపించే చోటుకి ఎన్ని అడుగులో నడిచి చూడండి. టాయిలెట్ దూరమైతే పెద్దవాళ్లు నీళ్లు తాగడం తగ్గించేస్తారు, మన ఎండల్లో అది ప్రమాదం. అదే గది తలుపు తెరిచి ఉంచితే హాల్లోనో వంటింట్లోనో ఉన్నవాళ్లకి మీరు కనిపించాలి. ఒంటరిగా డాబా మీద గదిలో ఉన్న మనిషి కాలు జారి పడితే కింద ఎవరికీ వినపడదు. ఈ ఒక్క కారణం చాలు, గదిని ఇంటి మధ్యకి తేవడానికి.

6. వాస్తు మాట ముందే తేల్చుకోండి

మన దగ్గర వాస్తు చూడకుండా ముగ్గు పోయరు. దాన్ని తోసేయమని నేను చెప్పను. ముగ్గు పోయకముందే ప్లానులో హాబీ గదిని కూడా గుర్తించి, అందులో ఏం బరువులుంటాయో వాస్తు చూసే ఆయనకి చెప్పండి. ఈశాన్యం ఖాళీగా, తేలిగ్గా ఉండాలంటారు. చదువుకీ బొమ్మలు గీయడానికీ ఈశాన్యపు గది పొద్దుటి వెలుతురుతో నిజంగానే బాగుంటుంది, బల్లా కుర్చీ వేసుకుంటే బరువూ ఉండదు. పుస్తకాల అల్మారాలు గదిలో నైరుతి వైపు గోడలకి పెడితే వాస్తు ప్రకారమూ సరిపోతుంది, ఆ గోడల నుంచి వచ్చే వేడిని కూడా అవి కొంత అడ్డుకుంటాయి. ఆగ్నేయంలో వంటిల్లు వస్తుంది కాబట్టి దానికీ ఈశాన్యానికీ మధ్య తూర్పు వైపు వచ్చే గది కుట్టుపనికి చక్కగా నప్పుతుంది. స్లాబు పడ్డాక గోడలు పగలగొట్టించే సలహాలు వినాల్సి వస్తే ఖర్చుతో పాటు టెన్షన్ కూడా.

7. ముగ్గుతో గది గీసి చూడండి

పది అడుగులకి పదకొండు అడుగులు ఉంటే చాలా పనులకి సరిపోతుంది. అంతకంటే చిన్నదైతే ఎక్కడ ఇరుకవుతుందో డాబా మీద ముగ్గుపిండితో అసలు కొలతలు గీసి చూస్తే తెలిసిపోతుంది. బల్ల లోతు రెండున్నర అడుగులు, కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి మూడడుగులు, నడవడానికి మూడడుగులు. అల్మారా తలుపులు తెరుచుకునే అడుగున్నర చాలామంది మర్చిపోతారు. పాత పేపర్లని బల్ల కొలతకి పరిచి, దాని చుట్టూ ఇద్దరూ కలిసి తిరగండి.

సంక్రాంతికి పిల్లలొచ్చినప్పుడు ఈ గదే పడకగది అవుతుంది. దాన్ని కాదనకండి, మనవళ్లు రాని ఇల్లు ఎందుకు. దివాన్ కాట్ ఒకటి వేసి, కత్తెరలూ రంగులూ సూదులూ పెట్టే సొరుగులకి తాళం పెట్టించండి.

8. ఈ గది రేపు మంచం గది కావచ్చు

మోకాలి ఆపరేషను, పక్షవాతం, లేదా రాత్రిళ్లు ఇంట్లో ఉండే సహాయకురాలు. వీటిలో ఏదొచ్చినా మొదట వాడుకునేది హాబీ గదినే. కాబట్టి దానికి ఆనుకుని టాయిలెట్ ఉండాలి, లేదా రెండడుగుల్లో అందాలి. టాయిలెట్‌కి రెండున్నర అడుగుల తలుపు పెట్టడం మేస్త్రీలకి అలవాటు. వీల్‌చెయిర్ అందులోంచి పోవడం కష్టం. మూడున్నర అడుగుల ఫ్రేము అడగండి, తలుపు తెరిచాక దాదాపు మూడడుగుల దారి వస్తుంది. గదిలో ఒకచోట వీల్‌చెయిర్ తిరగడానికి అయిదడుగుల చోటు ఖాళీగా ఉండాలి. సింహద్వారానికి గడప సరే, లోపలి గదులకి అక్కర్లేదు. హాలు నేలా ఈ గది నేలా ఒకే ఎత్తులో, జారని టైల్స్‌తో ఉండాలి.

బయటి నుంచి ర్యాంపు కావాలనుకుంటే లెక్క ముందే వేయండి. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడుగు కావాలి. పునాది మూడడుగులు లేపితే 36 అడుగుల ర్యాంపు, రెండు వందల గజాల స్థలంలో అది మలుపు తిప్పితే తప్ప పట్టదు.

9. ఫ్లాట్ అయితే

మూడు పడకగదుల ఫ్లాటులో చిన్న గదినే హాబీ గది చేస్తారు. అది పడమర మూలలో ఉంటే దాన్ని చుట్టాల గది చేసి, రెండో పడకగదిని మీరు తీసుకోండి. ఏడాదిలో కొన్ని రోజులుండేవాళ్ల కోసం రోజూ ఉండేవాళ్లు ఉక్కపోయక్కర్లేదు. పడమర గదే గతి అయితే కిటికీకి బయటి వైపు వెదురు చాపలు కట్టండి. లోపలి కర్టెను అప్పటికే లోపలికొచ్చిన వేడిని ఆపదు. బాల్కనీని మూసి గది చేసేముందు అసోసియేషన్‌ని అడగండి. ఆ బాల్కనీలో పెద్ద అల్మారాలు, రాతి బల్లలు పెట్టకండి.

10. ప్లాస్టరింగ్‌కి ముందు ఖాయం చేయాల్సినవి

ఎంచుకున్న చోట ముందు ఒక నెల పాటు మడత బల్ల వేసి నిజంగా పని చేసి చూడండి, వీలైతే వేసవిలో. అక్కడికి కాళ్లు వాటంతటవే వెళుతున్నాయో లేదో తెలుస్తుంది. వెళ్లకపోతే చోటు మార్చండి, ఇంకా సమయం ఉంది.

కుదిరిందనుకున్నాక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బల్ల ఎక్కడొస్తుందో గోడ మీద బొగ్గుతో గీయించండి. ప్లగ్ పాయింట్లు నేల దగ్గర కాకుండా బల్ల ఎత్తుకి పైన రావాలి, వంగి ప్లగ్గు పెట్టే పని పెద్దవాళ్లకి పెట్టకూడదు. మిషనుకి, టేబుల్ లైటుకి, ఫోను చార్జరుకి విడివిడిగా ఉంచి, ఇస్త్రీపెట్టె కోసం పెద్ద పాయింటు ఒకటి, ఏసీకి విడి లైను వేయించండి. ఫ్యానూ బల్ల మీది లైటూ ఇన్వర్టరు లైను మీద ఉండాలి. స్విచ్చి తలుపు పక్కనే, చీకట్లో తడమకుండా చేతికి తగలాలి. కిటికీలకి జరిపే దోమల మెష్ వేయించండి, సాయంత్రాలు తెరుచుకోలేని కిటికీ ఉన్నా లేనట్టే. పైపులూ వైర్లూ గోడలో ఎటు వెళ్లాయో టేపు పెట్టి ఫొటోలు తీసి ఇంటి కాగితాలతో పాటు దాచండి. తర్వాత అల్మారాకో, టాయిలెట్‌లో పట్టుకునే కడ్డీకో డ్రిల్లు వేయించేటప్పుడు ఆ ఫొటోలు చూసే వేయించండి.